చేతికి పట్టని గాజులు

మా మామగారు సుబ్బరాయుడు శెట్టి ప్రొద్దుటూరులోని తన బట్టల అంగట్లో కూర్చున్నచోటే ఒరిగిపోయి ఆనాటికి తొమ్మిది రోజులు. పెద్దకర్మకు వచ్చినవాళ్లకు పంచడానికి ఆయన జీవితాన్ని రెండు పేజీల్లో రాసివ్వమని మా బావగారు బదరీనారాయణ నన్ను అడిగారు. ఇంటి ఆడవాళ్లలో కాలేజీ చదివినదాన్ని నేనొక్కదాన్నే గనుక ఆ పని నా మీద పడింది. ఆయన ఒక షరతు కూడా పెట్టారు. పన్నెండేళ్ల కిందట జమ్మలమడుగులో ఏసురత్నం అనే కాంపౌండరుతో వెళ్లిపోయిన మా ఆడబిడ్డ ధనలక్ష్మి పేరు ఆ కాగితంలో ఎక్కడా రాకూడదు. నేను సరేనన్నాను. “వారికి ఇద్దరు కుమారులు” అని రాసి చుక్క పెట్టాను. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన తొమ్మిదో నాటి మధ్యాహ్నం, పుట్టింటివాళ్లు పంపిన గాజులు ఆమెకు నిండుగా తొడుగుతారు. తలలో పూలు పెట్టి, పసుపు రాసి, కుంకం దిద్ది కూర్చోబెడతారు. కావలసినవాళ్లంతా వచ్చి కడసారి చూసిపోతారు. పదో నాడు తెల్లవారుతూనే అన్నీ తీసేస్తారు. ఆ తర్వాత ఏడాదిదాకా ఆమె గది దాటి రాకూడదు, బయటివాళ్ల కంట పడకూడదు. ఈ తొడగడం దేనికి, ఆ తీయడం దేనికి అని పెళ్లయి వచ్చిన కొత్తలో నేనొకసారి అడిగాను. “అన్నీ అడిగి తెలుసుకుంటే చదువు ఎక్కువయిందంటారు,” అని మామగారి చెల్లెలు సుబ్బరత్నమ్మ నవ్వుతూ నోరు మూయించింది.

మా అత్తగారు శకుంతలమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు. అన్నదమ్ములు పోయారు, మేనల్లుడు ఉన్నాడు. అతను తాను రాకుండా ఆ ఊరి గాజులామె జానీబీ చేత గాజుల మలారం పంపించాడు. జానీబీకి అరవై దాటి ఉంటాయి. మా అత్తగారి పెళ్లికి గాజులు తొడిగింది జానీబీ తల్లి. పక్కన కూర్చుని ఒక్కొక్క జతే అందించింది జానీబీ. అందుకని మా అత్తగారిని ఆమె పేరు పెట్టి పిలుస్తుంది, నువ్వంటుంది. ఆ చనువు మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.

భోజనాలయి చుట్టాలు వెనక వసారాలో నడుం వాల్చారు. మా ఆయన మర్నాటి ఏర్పాట్లు చూడటానికి పెన్న ఒడ్డుకు వెళ్లారు. నట్టింట్లో పీట మీద మా అత్తగారు, ఎదురుగా మలారం విప్పుకుంటూ జానీబీ, స్తంభానికి ఆనుకుని సుబ్బరత్నమ్మ, గోడ పక్క కుర్చీలో మా బావగారు, కాగితాలు పట్టుకుని నేను. అంతే ఉన్నాం.

“సాయంత్రం లోపల ప్రెస్సుకు ఇయ్యాల. ఒకసారి చదువు కుసుమా, తప్పులుంటే ఇప్పుడే దిద్దుకుందాం,” అన్నారు బావగారు. ఆయన తొందరకు కారణం వేరే ఉంది. ఆయన కూతురు రాజ్యానికి పులివెందుల సంబంధం కుదిరింది. ఆ వియ్యాలవారు అయిదు గంటల బస్సుకు దిగుతారు. వాళ్లు దిగేసరికి తాత గొప్పతనం కాగితం మీద కనబడాలి.

నేను చదివాను. పుట్టింది ఎప్పుడు, అంగడి పెట్టింది ఎప్పుడు, కరువు రోజుల్లో గంజి పోయించింది ఎన్నాళ్లు. బావగారు తల ఊపుతున్నారు. మా అత్తగారు తన చేతులు తానే చూసుకుంటున్నారు.

“‘ఆయన భార్యను ప్రాణంతో సమానంగా చూసుకున్నారు. ఏటా నారపురస్వామి తిరునాళ్లకు జమ్మలమడుగు వెళ్లి, భార్యకు స్వయంగా గాజులు ఎంచి తెచ్చేవారు. అవి ఏనాడూ ఆమె చేతికి పట్టేవి కావు. సైజు తప్పుతున్నదని ఎంత చెప్పినా, నా కళ్లకు నీ చెయ్యి పెళ్లినాడు ఎంత ఉన్నదో ఇంకా అంతే ఉన్నది అని నవ్వేవారు. చేతికి పట్టని ఆ గాజులు పన్నెండేళ్లవి నేటికీ ఆ ఇల్లాలి పెట్టెలో భద్రంగా ఉన్నాయి.’”

ఈ ముక్క నాకు చాలా ఇష్టమైన ముక్క. రెండుసార్లు తిరగరాశాను. సుబ్బరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “మా యన్న అట్లాంటోడే తల్లీ. ఉన్నదున్నట్టు రాసినావు.”

“అది తప్పు,” అంది జానీబీ.

అందరం ఆమె వైపు చూశాం. ఆమె మలారంలోంచి తల ఎత్తలేదు.

“ఏంది తప్పు?” అన్నారు బావగారు.

“సైజు తప్పినాడని రాసినారు గదా. ఆ గాజులు యాడ కొన్నాడు? నా తావ కొన్నాడు. చెయ్యి చూసి గాజు ఇచ్చేదాన్ని నేను. నలభై అయిదేండ్లాయ ఈ పని పట్టి. కండ్లు మూసుకోని చెయ్యి పట్టుకుంటే చాలు నాకు. సైజు తప్పి అమ్మినానని అచ్చేసి ఊరంతా పంచితే రేపు నా తావ గాజు తొడిగించుకునేది ఎవరు?”

“అది నిన్నన్న మాట కాదులే జానీబీ,” అన్నాను నేను. “మామ ప్రేమ గురించి రాసింది.”

“ప్రేమ గురించి రాసుకోండి. గాజుల గురించి తప్పు రాయొద్దండి. ఆ గాజులు ఒక్క జత గూడా తప్పిన సైజు కాదు. ఏ చేతికి ఇచ్చినానో ఆ చేతికి సరిగ్గా పట్టినాయి.”

అన్నాక ఆమెకు తాను ఏమన్నదో తెలిసినట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా అత్తగారు నెమ్మదిగా తల ఎత్తారు.

“ఏ చేతికి?”

“జానీబీ,” బావగారి గొంతు మారింది. “గాజులు తొడగను పంపిస్తే గాజులు తొడుగు. తొడిగి బస్సెక్కు.”

“నువ్వుండు బదరీ. నేనడుగుతాండా. ఏ చేతికి జానీబీ?”

సుబ్బరత్నమ్మ స్తంభం వదిలి ముందుకొచ్చింది. “ఇంకేం చేతులుంటాయి వదినా? మా యన్న మీద ఇప్పుడు లేనిపోనివి పెట్టను వచ్చిందా ఈమె? తిరునాళ్లకు పోయే మగోణ్ణి...”

“నీ యన్న మంచోడని ఇప్పుడే గదా ఏడిస్తివి. ఆ మాట మీదనన్నా నిలబడు,” అన్నారు మా అత్తగారు. తర్వాత నా వైపు తిరిగారు. “కుసుమా, నా రేకుపెట్టె తీసకరా.”

తెచ్చాను. అడుగున పాత పట్టుచీర మడతల కింద గాజులున్నాయి. ఏ ఏటివి ఆ ఏటికి నూలుపోగుతో కట్టి, పోగుకు చిన్న గుడ్డపీలిక ముడేసి ఉన్నాయి. తిడుతూనే ఎంత జాగ్రత్తగా దాచారో అప్పుడే చూశాను. మా అత్తగారు వాటిని తీసి జానీబీ ముందు వరసగా పరిచారు. పన్నెండు కట్టలు.

“చెప్పు.”

జానీబీ బావగారి వైపు చూసింది, తలుపు వైపు చూసింది. తర్వాత మొదటి కట్ట చేతిలోకి తీసుకుని వేలికి తొడిగి తిప్పింది. చెప్పేదాకా ఆమె చేతులు ఊరుకోవని నాకర్థమైంది. ఆమెకు అది చదువు.

“ఇది పంతొమ్మిది వందల యాభైలో కొనింది. రెండుంబావు. నీది రెండున్నర గదా శకుంతలా, నీకు ఎట్ల పడతాయి? పెండ్లినాడు గూడా నీది ఇంత తక్కువ సైజు కాదు. మా యమ్మ నీకు సబ్బునీళ్లు లేకుండా తొడగల్యాకపోయింది. శెట్టికి ఆ సంగతి తెలుసు.” ఇంకో కట్ట తీసింది. “ఇది ఆ మరుసటేడు. చూడు, ఇది కొంచెం పెద్దది. ఆ యేడు ఆ బిడ్డ చేతులు వాచినాయి. ఏడో నెల. మూడో యేడు మళ్లా రెండుంబావుకు దిగింది. ఇది... ఇది యాభైఅయిదుది. ఇంత సన్నగాజు నేను పెద్దమనిషైన ఆడబిడ్డకు ఎవరికీ ఇయ్యల్యా. విషజ్వరం వచ్చి నలభై దినాలు మంచాన పడింది. చెయ్యి పుల్ల మాదిరయింది. శెట్టి ఆ చెయ్యి చూసి లేసి బయటికి పోయినాడు. శానాసేపటికి గానీ రాల్యా.”

ఎవరి పేరూ ఆమె పలకలేదు. పలకాల్సిన అవసరమూ లేదు. మా అత్తగారి ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె చేతులే చూశాను. మోకాళ్ల మీద బోర్లా పెట్టుకున్న చేతులు కదలకుండా ఉన్నాయి.

“బతికుందా?” అన్నారు ఆమె.

“బంగారం మాదిరి ఉండాది.”

“ఆయన చూసినాడా?”

“ఏటా. మా యింటి పంచలో. ఆ పక్క ఆ బిడ్డ కూసునేది, ఈ పక్క మీ శెట్టి. నడుమ నేను, నా మలారం. అల్లా సాక్షి శకుంతలా, పన్నెండేండ్లలో ఒక్క మాట ఆ బిడ్డతో మాట్లాడల్యా. గుళ్లో పెద్దమనుషుల ముందర కర్పూరం ఆర్పి ఒట్టేసి చెప్పినాడంట గదా, దాంతో మాట్లాడనని, పేరు పలకనని, గడప తొక్కనియ్యనని. అన్నీ నాతోనే. ‘జానీబీ, ఆ తల్లి కండ్ల కింద నలుపెందుకుందో అడుగు’ అనేటోడు. ఆ బిడ్డ నాతో చెప్పేది, ‘రాత్రి డ్యూటీలు జానీబీ, ఆయన వచ్చేదాకా మేలుకోనుంటా’ అని. మళ్లా ఆమె, ‘జానీబీ, అమ్మ మోకాళ్లు ఎట్లుండాయో అడుగు.’ ఈయన, ‘గోడ పట్టుకోని లేస్తాంది అని చెప్పు.’ ఎదురెదురుగా కూసోని. నాకైతే నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది. పాప పుట్టినాక దానికీ చిన్నగాజులు. అవి గూడా రెండు జతలు తీసుకునేటోడు, ఒకటి ఆడ, ఒకటి ఈడికి.”

ఆ చిన్నగాజులు నాకు తెలుసు. మామగారు రాజ్యం కోసం తెచ్చారనుకున్నాం. పదకొండేళ్ల పిల్లకు అయిదేళ్ల పిల్ల గాజులా అని ఇల్లంతా నవ్వాం. రాజ్యం వాటిని బొమ్మలకు తొడిగింది.

“నాకెందుకు చెప్పల్యా?” మా అత్తగారి గొంతులో ఇంకా కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు.

“నేనూ అడిగినా. చెప్తే ఒక్క పూట ఇంట్లో నిలబడదు, పరిగెత్తుకోని వచ్చేస్తాది, పెద్దోడు ఇల్లు రెండు చేస్తాడు అన్నాడు. అందుకే గాజులు తీసకపోతాండా అన్నాడు. ఏదో ఒకనాడు చేతిలోకి తీసుకోని చూస్తాది, ఎవరి చెయ్యో ఆమెకే తెలిసిపోతాది అనేటోడు. కన్నతల్లి, తెలియకుండా ఎట్ల ఉంటాది అనేటోడు. ఏటా పోయేటప్పుడు, ‘ఈసారి తెలుస్తాది చూడు జానీబీ’ అని పోయేటోడు.”

సుబ్బరత్నమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఇంతటి మనిషి గురించి నేను రాసిన రెండు పేజీలు ఎంత చప్పగా ఉన్నాయో అనిపించింది. ఇది కదా రాయవలసింది అనుకున్నాను.

“అంటే పరీక్ష పెట్టినాడు,” అన్నారు మా అత్తగారు.

సుబ్బరత్నమ్మ ఏడుపు ఆపింది.

“పన్నెండేండ్లు నాకు పరీక్ష పెట్టినాడు. నేను తప్పినా. కన్నబిడ్డ చెయ్యి గుర్తుపట్టల్యాకపోయినా. ఆ సంగతి ఆయనకు తెలుసు, నీకు తెలుసు, దానికి తెలుసు. నాకొక్కదానికి తెలీదు. కుసుమా, ఏం రాసినావు? భార్యను ప్రాణంతో సమానంగా అని రాసినావు గదా? కొట్టెయ్.”

“అత్తా...”

“కొట్టెయ్ అంటాండా. నేను చెప్తా, రాసుకో. దాని పుట్టినరోజు నాడు ఏటా నేను అన్నం ముట్టేదాన్ని కాదు. గోడ పక్కకు తిరిగి పండుకునేదాన్ని. బతికుందో ల్యాదో, తింటాందో ల్యాదో అని. ఆయన వచ్చి పక్కన కూసునేటోడు. నా తల మీద చెయ్యేసి, ‘ఎందుకే మనసు కష్టపెట్టుకుంటావు, లెయ్యి, రెండు మెతుకులు తిను’ అనేటోడు. నా కండ్లు తుడిసేటోడు. అది బతికుందని తెలిసి తుడిసేటోడు! ఆ మాట నోట్లో పెట్టుకోని, అదే నోటితో నాకు అన్నం కలిపి పెట్టినాడు. ఇది రాయి. అచ్చేయించు. ఊరంతా పంచు.”

“వదినా, పోయినోణ్ణి ఆ మాటలనొద్దు. తొమ్మిదో నాడు వింటాంటాడంటారు,” అంది సుబ్బరత్నమ్మ.

“వినాలనే చెప్తాండా. ఆయన మాత్రం జమ్మలమడుగు పోవచ్చు. నేను మాత్రం నా పుట్టింటి పొలిమేర తొక్కగూడదు. మా యన్న పోతే శవం చూడను గూడా పోనియ్యల్యా. కర్పూరం ఆర్పినాను, మాట పోతాది అన్నాడు. మాట ఎవరి మీద నిలబెట్టినాడు? పెద్దమనుషులకు మాట తప్పల్యా. బిడ్డకు గాజులు తప్పల్యా. వాళ్లెవరికీ ద్రోహం చెయ్యల్యా. అంతా కలిపి నా ఒక్కదానికే చేసినాడు. మంచి మొగుడు!”

ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాను. మా అత్తగారు గొంతు పెంచడం అంతకుముందు వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు. మామూలుగా, బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడినట్టు మాట్లాడారు. అది మరీ భయంగా ఉంది.

బావగారు కుర్చీలోంచి లేచారు. “అయిందేదో అయింది. నాయన తప్పు చేసినాడనుకుందాం. ఆయనతోనే పోయింది. ఈ మాట మన నడుమనే ఉండాల. అయిదు గంటలకు పులివెందులవాళ్లు వస్తాండారు.”

జానీబీ గాజులు సర్దుతున్న చెయ్యి ఆపింది. “నేను వచ్చింది గాజులకు ఒక్కటే కాదు శకుంతలా. దాచి ఏం లాభం. ఆ బిడ్డ నా వెంబడే బస్సులో వచ్చింది. కూతుర్ని గూడా తెచ్చుకోనింది. మీ యెనక వీధిలో మా చెల్లెలు సైదున్నీసా ఇంట్లో కూసోబెట్టి వచ్చినా. రేపట్నుంచి ఏడాది నిన్ను చూడనియ్యరు గదా. అమ్మ నొసట కుంకం ఉండగా ఒక్కసారి చూసిపోతా, వాకిట్లో నిలబడుకోనే చూస్తా, గడప తొక్కను అని నన్ను అడగమనింది. అంతే. ఇంకేం అడగల్యా.”

బావగారి ముఖం నల్లబడింది. ఆయన చెడ్డమనిషి కాదు. పన్నెండేళ్ల కిందట చెల్లెలు వెళ్లినప్పుడు ఆయనకు కుదిరిన రెండో సంబంధమే తప్పిపోయిందని, రెండేళ్లకు దూరపు ఊరినుంచి రెండో భార్యను తెచ్చుకున్నారని, అంతకుముందే పోయిన మొదటి భార్య బిడ్డ రాజ్యాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ రెండేళ్లు ఎవరింటికీ వెళ్లలేదని మా ఆయన నాకు చెప్పారు. ఆ భయమే ఇప్పుడు మళ్లీ ఆయన కళ్లలో కనబడింది.

“కుదరదు,” అన్నారు. “జానీబీ, ఇప్పుడే పో. పోయి తొలి బస్సుకు ఎక్కించు. దుడ్లు నేనిస్తా. ఆమె ఈ వీధిలో కనబడిందా, నా బిడ్డ పెండ్లి ఆడికి సరి.”

“నీ బిడ్డ నీకెట్లనో నా బిడ్డ నాకట్ల గదా బదరీ,” అన్నారు మా అత్తగారు.

“నీ బిడ్డ పోయినప్పుడు మా గతి ఏమయిందో నీకు తెలీదా? అంగటికి వచ్చేటోళ్లు బట్ట కొనేది మానేసి నన్ను చూసి నవ్వి పోయినారు. నాయన గుళ్లో నిలబడి కర్పూరం ఆర్పినాడు గాబట్టి ఈ ఇంట్లో ఇంకా నలుగురు తిని చెయ్యి కడుగుతాండారు. ఆయన నోరు కట్టుకోని చచ్చినాడు. నువ్వు ఒక్క దినం కట్టుకోల్యావా?”

“ఒక్క దినమా,” అన్నారు మా అత్తగారు.

తర్వాత పీట మీద సర్దుకుని కూర్చుని, పరిచిన కట్టల్లో చివరిది తీశారు. అది ఆ ఏటిది. ఆకుపచ్చ గాజులు, పైన పసుప్పచ్చ చుక్కలు. నూలుపోగు పళ్లతో తెంపి జానీబీ ఒళ్లో వేశారు.

“తొడుగు.”

“నీకు తెచ్చినవి ఇవీ శకుంతలా, మీ మేనల్లుడు పంపినవి. రెండున్నర.”

“అవి పక్కన పెట్టు. ఇవి తొడుగు.”

“పట్టవు. చెయ్యి నలుగుతాది. గాజు పగుల్తాది.”

“సైజు తప్పనిదానివి గదా. తొడుగు.”

జానీబీ ఒక్కక్షణం ఆలోచించింది. తర్వాత, “కుసుమమ్మా, సబ్బు, గిన్నెడు నీళ్లు,” అంది.

తెచ్చిపెట్టాను. ఆమె మా అత్తగారి ఎడమచెయ్యి తీసుకుంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్లన్నీ దగ్గరకు నొక్కి, సబ్బునురుగుతో పిసికింది. చిన్నబిడ్డ చెయ్యి మెత్తన చేసినట్టు చేసింది. మొదటి గాజు కణుపుల దగ్గర పగిలి బొటనవేలి మొదట్లో దిగింది. రక్తం నురుగులో కలిసింది. సుబ్బరత్నమ్మ “అయ్యో” అని ముఖం తిప్పుకుంది. మా అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండోది ఎక్కింది. మూడోది, నాలుగోది. ఆ మూడూ మణికట్టు మీద కదలకుండా బిగుసుకుని కూర్చున్నాయి. చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది.

“తీసెయ్యమ్మా అవి,” అన్నారు బావగారు.

“రావు. పగలగొట్టాల్సిందే. రేప్పొద్దున మీరు చేసేది అదే గదా?” మా అత్తగారు చెయ్యి పైకెత్తి ఆయనకు చూపించారు. “విను బదరీ. దీని జత ఏ చేతికి ఉందో ఆ చెయ్యి ఈ గడపలోకి వచ్చినాకనే రేపు నేను నా చెయ్యి సాపుతా. రాకపోతే సాపను. పదో నాడు జరగదు. మీ నాయనకు దోవ దొరకదంటే దొరకనియ్యొద్దు. పన్నెండేండ్లు నేను దోవ తెలీకుండానే ఉన్నా. ఆయన గూడా కొన్నాళ్లు ఉండనీ.”

“ఇంటి పెద్దగా చెప్తాండా...”

“ఇంటి పెద్దవు రేపటి తర్వాత. ఈ రోజుకు నేనింకా ఆయన పెండ్లాన్నే.”

అంతలో వీధిలో జట్కా ఆగిన చప్పుడు, గుర్రం గిట్టలు నేల తన్నిన చప్పుడు వినబడ్డాయి. బావగారు చటుక్కున కండువా సర్దుకున్నారు. “కుసుమా, ఆ గాజులు, ఆ నీళ్లు తియ్యి. అమ్మ చేతి మీద కొంగు కప్పు.”

నేను వంగేలోపలే గడప దగ్గర పులివెందుల వియ్యపురాలు ఓబుళమ్మగారి గొంతు వినబడింది.

“బదరీ, మేమొచ్చినాం నాయనా. మావాళ్లు జట్కా తావ సామాను దించుతాండారు. అవుగానీ, ఈ పిల్ల ఎవరు? గడప బయట నిలబడుకోని మీ యింట్లోకే చూస్తాంది. లోపలికి రా పాపా అంటే, మా యమ్మ గడప తొక్కొద్దనింది అంటాంది. పేరడిగితే శకుంతల అంటాంది. మీ యమ్మ పేరే గదా, ఎవరి బిడ్డ?”

ఓబుళమ్మగారు గడపకు ఇవతల, ఆ పిల్ల అవతల. పెద్దావిడ చేతిలో పిల్ల చెయ్యి ఉంది. పదేళ్లుంటాయి. రెండు జడలు, కాళ్లకు దుమ్ము. పిల్ల కళ్లు నేరుగా మా అత్తగారి మీదికే వెళ్లి అక్కడే ఆగాయి. పిల్ల చేతికీ అవే ఆకుపచ్చ గాజులు, పైన పసుప్పచ్చ చుక్కలు.

“గాజులామె వెంట వచ్చిన పిల్ల వదినా,” అన్నారు బావగారు, నవ్వబోయి. “మనకేం సంబంధం ల్యా. రాండి, కాళ్లు కడుక్కోండి.”

ఓబుళమ్మగారు కదలలేదు. ఆమె ఇంటి వ్యవహారం, వ్యవసాయం అంతా తానే చూసుకునే మనిషి. చూపు ఊరికే పోనివ్వదు. పిల్ల చేతిని చూసింది. మా అత్తగారి మణికట్టు మీద బిగుసుకున్న మూడు గాజులను, వాటి పక్కనుంచి జారి పీట మీద పడ్డ రక్తపు చుక్కను చూసింది. నేల మీద వరసగా ఉన్న పదకొండు కట్టలను చూసింది. తల వంచుకున్న జానీబీని చూసింది.

“గాజులామె వెంట వచ్చిన పిల్లకు శకుంతలని పేరా,” అంది మెల్లగా. తర్వాత నా చేతిలో కాగితాలు కనబడ్డాయి. “నువ్వు కదమ్మా మీ మామ చరిత్ర రాస్తాండేది? చదువుకున్నదానివి. మా యింటికి పిల్లనిచ్చే ఇంట్లో ఎవరెవరు ఉండారో నాకు సరిగ్గా తెలియాల. నువ్వు చెప్పు.”

నేను బావగారి వైపు చూశాను. వద్దని ఆయన కళ్లతోనే బతిమాలుతున్నారు. ఆయన వెనక గది తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. తలుపు సందులో రాజ్యం ముఖం సగం కనబడుతోంది. ఆ సగం ముఖంలో రక్తం లేదు.

“చదువు కుసుమా,” అన్నారు మా అత్తగారు. ఆమె నా వైపు చూడటం లేదు. గడప అవతలి చిన్నచేతినే చూస్తున్నారు. “ఆయనకు బిడ్డలు ఎంతమందో రాసినావు గదా, ఆడినుంచి చదువు. గట్టిగా చదువు. ఆ పాపకు గూడా వినబడాల.”

బావగారు నా వైపు ఒక అడుగు వేశారు. నేను కాగితం విప్పాను. “వారికి ఇద్దరు కుమారులు” అన్నచోట నేను పెట్టిన చుక్క కనబడింది.